టిక్కుమన్న మాట

బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. ఇంటి నీడ గడప దిగి, వీధిలో సగం దాకా పాకి, ఎవరో పారబోసిన గంజి తడి దగ్గర ఆగినట్టుంది. అది వీధి దాటి ఎదురింటి బయమ్మ అరుగు ఎక్కేసరికి రాయదుర్గం బస్సు మలుపులో హారన్ కొడుతుంది. నాగేశ్వర పడసాలలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని పాదం మీద గడ్డం పెట్టుకుని కుక్క జిప్పు పడుకుంది. పక్కన చిన్న స్టీలు డబ్బా, అందులో ఉడకబెట్టి చెనక్కాయ పప్పంత ముక్కలుగా కోసిన కోడి కార్జం. కుడి చేతిలో నీలం ప్లాస్టిక్ క్లిక్కరు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, మధ్యలో ఒక రేకు నాలుక, బొటనవేలితో నొక్కితే టిక్ అంటుంది. నొక్కలేదు. ఇప్పుడే నొక్కకూడదు. హారన్ వినగానే జిప్పు లేచి గడప దగ్గరికి పోయి తోక ఊపిందంటే బయమ్మ కొడుకు చచ్చిపోయినట్టు. అటు పోకుండా మూలన పరిచిన గోనెపట్ట మీద పడుకుందంటే మారెక్క కూతురు ఇంకోసారి చచ్చిపోయినట్టు. కుక్కకి ఇవేవీ తెలియవు. దానికి తెలిసింది ఒకటే, టిక్ అంటే ముక్క వస్తుంది.

మారెక్క కూతురంటే జయంతి. జయంతి అంటే ఈ ఇల్లు. అలా అనుకోవడం అతనికి అలవాటైపోయింది. పెళ్లాం పోయిందని ఒక్కసారిగా అనుకోలేక, ముందు మారెక్క కూతురు పోయిందని అనుకుంటాడు, ఎవరింట్లోనో జరిగిన సంగతిలా, తర్వాత మెల్లగా దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటాడు. ఆమె పోయిన తొమ్మిదో రోజు బీరువాలో ఫోను మోగింది. ఆమె ఫోనే. ఛార్జింగ్ ఎవరు పెట్టారో, తనే పెట్టి ఉంటాడు, రాత్రి పడుకోబోయే ముందు రెండు ఫోన్లూ తగిలించే అలవాటు కదా. “జయంతి మేడమ్ ఉండారా? పార్సిలొచ్చింది” అన్నాడు అవతలివాడు. ఉంది అనలేదు, లేదు అనలేదు, “వస్తాండా” అని చెప్పి వెళ్లి తెచ్చుకున్నాడు. అట్టపెట్టె మీద ఆమె పేరు, ఇంటి పేరుతో సహా. లోపల ఈ నీలం డబ్బా, చేతికి తగిలించుకునే చుట్టల దారం, మడిచిన చిన్న కాగితం. రాయదుర్గం జీన్స్ యూనిట్‌లో జిప్పులు కుట్టే పని ఆమెది. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పినప్పుడు పక్క మిషన్ పిల్లతో కలిసి ఫోన్లో కుక్కల వీడియోలు చూసేది. ఒక రోజు జిప్పుల అట్టపెట్టెలో కళ్లు తెరవని కుక్కపిల్లని పెట్టుకుని బస్సు దిగింది, అదే జిప్పు. “కొట్టకుండానే మాట వింటాదంట చూడు. ఒక టిక్కు, ఒక ముక్క, అంతే. ఈ ఊర్లో ఎవుర్నీ కొట్టకుండా ఏదీ నేర్పిచ్చలేదు, మనం కుక్కకన్నా నేర్పిచ్చుదాం” అని నవ్వింది. నాయన చేతి చింతబరికెతో ఎక్కాలు నేర్చుకున్నవాడు అతను. నవ్వాడా అప్పుడు తను? నవ్వే ఉంటాడు. కొన్ని నవ్వులు గుర్తుండవు, ఎదుటివాళ్ల నవ్వు మాత్రం ఉంటుంది.

దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. ఒకటి ఆగిపోయి ఉంది. మూడు రోజుల్నుంచీ ఆగే ఉంది, దాన్ని చూసినప్పుడల్లా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. జిప్పు చెవి ఒకటి నిద్రలో కదిలింది. కాగితంలో ఏముందో అతనికి కంఠతా వచ్చు, బీయస్సీ పుస్తకాల్లో ఏదీ అంతగా గుర్తులేదు. టిక్ అంటే మాట ఇవ్వడం. కుక్క నువ్వు కోరిన పని చేసిన క్షణంలోనే నొక్కాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే దాని పక్క పని నేర్చుకుంటుంది. నొక్కాక ముక్క ఇచ్చి తీరాలి. పొరపాటున నొక్కినా ఇవ్వాల్సిందే, లేకపోతే ఆ చప్పుడు మీద దానికి నమ్మకం పోతుంది. పొరపాటున నొక్కినా ఇవ్వాల్సిందే. ఈ వాక్యం దగ్గరే అతని మనసు ఎప్పుడూ ఆగుతుంది, ఆ గాలిమరలాగే.

ఎందుకంటే పొరపాటు క్లిక్కరు పట్టిన మొదటి రోజే జరిగింది. జయంతి ఉన్నన్నాళ్లూ ఆరింటి బస్సు హారన్ కొట్టగానే జిప్పు గడప దగ్గరికి పరుగెత్తేది, చెవులు రిక్కించి, తోక నడుముతో సహా ఊపుతూ. ఆమె దిగి వస్తూ బొరుగుల పొట్లంలోంచి నాలుగు బొరుగులు విసిరేది. ఆమె పోయాక కూడా పరుగెత్తింది, మొదటి రోజు, రెండో రోజు, వారం. తర్వాత మెల్లగా తగ్గించింది. పన్నెండో రోజు హారన్ వినిపిస్తే తల ఎత్తింది కానీ లేవలేదు. పదమూడో రోజు లేవబోయి ఆగింది, మళ్లీ ఏమనుకుందో నాలుగడుగులు వేసి గడప దగ్గర నిలబడి, తోక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అటు నుంచి ఇటు ఊపింది. అతని చేతిలో క్లిక్కరు ఉంది. కూర్చోమని నేర్పుదామని పట్టుకున్నాడు. తోక ఊగడం చూశాడు. వీధిలో ఎవరో ఉన్నట్టే ఊగింది. అతని బొటనవేలు నొక్కింది. టిక్. వెనక్కి తిరిగి వచ్చిన కుక్కకి ముక్క పెట్టాడు, రెండోది కూడా పెట్టాడు, దాని మెడ పట్టుకుని కూర్చుండిపోయాడు. మర్నాడు అది మళ్లీ వెళ్లింది. మళ్లీ టిక్. మరిచిపోబోతున్న జీవాన్ని మరిచిపోనివ్వలేదు అతను. ఎనిమిది నెలలు, కార్జం ముక్కలు పెట్టి పెట్టి, ఒక కుక్కకి చనిపోయినవాళ్లు వచ్చే వేళ నేర్పాడు.

నీడ గంజి తడిని దాటింది. గొర్రెల గంటలు ఎక్కడో. మారెక్క ఆ సంగతి చూసింది నెల తిరిగాక. రెండు సందుల అవతల ఆమె ఇల్లు, కళ్లకి పొర వచ్చింది, సాయంత్రమైతే మసక. అయినా నేల మీదున్నది మాత్రం కనబడుతుంది ఆమెకి. పుట్టిల్లు వజ్రకరూరు పక్క, చిన్నప్పటి నుంచీ తొలకరి వాన పడగానే రాళ్ల కోసం తల వంచి చేలల్లో తిరిగిన మనిషి. జీవితంలో ఒక్క వజ్రం దొరకలేదు, మెడ మాత్రం అలాగే వంగిపోయింది. ఆ రోజు హారన్ కొట్టింది, జిప్పు గడప దగ్గర తోక ఊపింది, మారెక్క గడప వైపు తిరిగి, “అమ్మీ, వచ్చినావా?” అంది. టిక్. అతను కావాలని నొక్కలేదు, ఆ పాటికే వేలికి అలవాటు. మారెక్క చటుక్కున మెటికలతో నేల మీద కొట్టింది. “సత్తెం. బల్లి పలికింది” అంది. అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మాట అనగానే గోడ మీద బల్లి టిక్కుమంటే ఆ మాట నిజమని ఈ నేల మీద ఎవరికి తెలియదు? అతని అమ్మా అలాగే కొట్టేది నేల మీద, జయంతీ కొట్టేది, నవ్వుతూనే. అప్పుడే చెప్పాల్సింది. అత్తా, బల్లి కాదు, నా చేతిలో ఇది. చెప్పలేదు. ముసలామె ముఖం ఎలా ఉందంటే, ఎండిన చేను మీద మబ్బు నీడ పడ్డట్టుంది.

రోజూ వచ్చేది. గడప ఎదుట కూర్చుని కూతురితో మాట్లాడేది, కోడి పెట్టిన గుడ్ల సంగతి, మోకాలి నొప్పి, ఎవరింట్లో ఎవరు ఎవర్ని తిట్టారో. అతను వెనక గోడకు ఆనుకుని, చెయ్యి జేబులో పెట్టుకుని వినేవాడు. తనకి కూడా మాట్లాడాలని ఉండేది. చెయ్యి జేబులో ఉన్నవాడు మాట్లాడలేడు. మంత్రం ఎలా పడుతుందో తెలిసినవాడికి ఆ మంత్రం పనిచెయ్యదు. ఒక సాయంత్రం మారెక్క గొంతు తగ్గించి అడిగింది, “అమ్మీ, ఆసుపత్రికి వద్దంటి. రెండు పొద్దులు చూద్దాం, కసాయం తాగితే తగ్గుతాది అంటి. నామీద కోపం లేదు కదమ్మీ?” జిప్పు అప్పటికి గడప వదిలి వెనక్కి రాబోతోంది. మలుపులో బస్సు మళ్లీ ఒకసారి హారన్ కొట్టింది, ఏ మేకో అడ్డం వచ్చి ఉంటుంది. కుక్క మళ్లీ వీధి వైపు తిరిగి తోక ఊపింది. జేబులో అతని బొటనవేలు. నొక్కాలా? ఆ క్షణం ఎంత పొడుగ్గా ఉందో అతనికి ఇప్పటికీ తెలుసు, అందులో నాలుగు రోజుల జ్వరం పట్టింది, కసాయం గిన్నె పట్టింది, ఆ ముసలి చేతులు తడిపి తడిపి పెట్టిన నుదుటి గుడ్డ పట్టింది. నొక్కాడు. టిక్. మారెక్క నేల మీద మెటికలు విరిగేలా కొట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూతురు పోయాక మొదటిసారి ఆ రాత్రే నిద్రపోయానని మర్నాడు చెప్పింది.

అతనికి మాత్రం అలాంటి నిద్ర రాలేదు. అతని సంగతి కసాయం కాదు, వాన. మండలాఫీసులో పని, పొద్దున ఎనిమిదిన్నరకి ఆవరణలో వాన కొలిచే డబ్బా చూసి పుస్తకంలో అంకె వెయ్యడం అందులో ఒకటి. ఏడాదిలో మూడొందల రోజులు సున్నా. సున్నా వేసి వేసి అతని చేతిరాతలో మిగతా అంకెలు కూడా గుండ్రంగా తయారయ్యాయని జయంతి వెక్కిరించేది. ఆమె జ్వరం నాలుగో రోజు తెల్లవారుజామున ఆకాశం తెగి పడింది. కాల్వలు పారాయి, పిల్లలు బట్టల్లేకుండా వీధుల్లో ఎగిరారు. ఆమె మంచం మీంచి, “నువ్వు పోప్పా, వాన పడింది కదా” అంది. వెళ్లాడు. నలభై రెండు మిల్లీమీటర్లు. అతని చేత్తో రాసిన అతి పెద్ద అంకె. తొమ్మిదింటికల్లా తిరిగి వద్దామనుకున్నాడు, కానీ పైవాళ్ల ఫోన్లు, పక్క మండలాల వాళ్ల ఫోన్లు, ఎంత పడింది, ఎంత పడిందప్పా, ప్రతివాడికీ నలభై రెండు నలభై రెండు అని చెబుతుంటే వాన తనే కురిపించినంత గర్వం, మధ్యాహ్నమైంది, మూడైంది. ఇంటికి వచ్చేసరికి ఆమెకి మాట తడబడుతోంది. ఆటోలో, సగం దారిలో, తడి నేల వాసన మధ్యలో, అతని తొడ మీద తల బరువు మారింది. అంతే, బరువు మారింది. నీకు నామీద కోపం లేదు కదా అని అడగడానికి అతనికి ఎవరున్నారు? అడిగితే టిక్కుమనేది తనే.

నీడ ఎదురింటి అరుగు మొదటి మెట్టును తాకింది. బయమ్మ ఇంట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు, కోడలై ఉంటుంది, గాజుల చప్పుడు. బయమ్మ కొడుకు గిరి బోరు లారీ మీద పనికి మూడేళ్ల కిందట ఛత్తీస్‌గఢ్ వెళ్లాడు. ఏడాది ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. తొమ్మిది రోజుల కిందట బయమ్మ కొడుకు చొక్కా మడిచి చంకలో పెట్టుకుని మారెక్క వెనకే వచ్చింది. అతనితో ఏమీ చెప్పలేదు. చొక్కా జిప్పు ముక్కు దగ్గర పెట్టి, గడప వైపు తిరిగి, “జయంతీ, నువ్వాడ ఉండావు కదమ్మా. మా గిరి నీ కాడికి వచ్చినాడా? పోయినాడా వాడు?” అంది. బస్సు హారన్ కొట్టింది. కుక్క లేచింది, గడప, చెవులు, తోక. అతను వద్దనుకున్నాడు, నిజంగా వద్దనుకున్నాడు, కానీ ఎనిమిది నెలలు కుక్క ఒక్కటే కాదు నేర్చుకుంది, అతని బొటనవేలూ నేర్చుకుంది. టిక్. బయమ్మ అరవలేదు. వంగి మెటికలతో నేల మీద మూడుసార్లు కొట్టి, చొక్కా తీసుకుని వీధి దాటి వెళ్లిపోయింది. అవతల తలుపు మూసుకున్నాక వినిపించింది ఆ ఏడుపు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి క్లిక్కరు చూపించాడు. “బయమ్మా, అది బల్లి కాదు. ఇదిగో, నా చేతిలో ఉండేది ఇది.” ఆమె దాన్ని చూడను కూడా చూడలేదు. “ఊరుకోప్పా. నువ్వు చదువుకున్నోనివి, నా కడుపు చల్లబడల్లని ఏదో చెప్తాండావు. బల్లి చదువుకోలేదు. దానికి అబద్ధం రాదు” అంది. అతను ఇంకేదో అనబోతే, “సరే, బల్లి కాదు. అయితే జయంతి కూడా రాలేదా? ఇన్ని దినాలు మారెక్క మాట్లాడింది ఎవురితో, చెప్పు?” అంది. అతను క్లిక్కరు జేబులో వేసుకుని వచ్చేశాడు. వచ్చే అమావాస్యకి కర్మ పెట్టుకున్నారు, కోడలి గాజులు ఆ రోజే తీస్తారు. అమావాస్య రేపు.

వజ్రకరూరు వైపు ఒక దుక్కి వాన పడిందని మారెక్క రాళ్ల కోసం మరుసటి బస్సుకే వెళ్లిపోవడం అతనికి దొరికిన దయ. ఇలాంటివి అతనికి కనబడుతూనే ఉంటాయి, ఎండలో కాకికి దొరికే కుళాయి చుక్కలాంటివి. ఈ తొమ్మిది రోజుల్లో కుక్కకి నేర్పింది విడిపించాడు. హారన్ చప్పుడు ఫోన్లో పట్టి పదేపదే వినిపించాడు. గడప దగ్గరికి పోతే ఏమీ లేదు, చూపు కూడా లేదు. గోనెపట్ట మీద పడుకుంటే టిక్, ముక్క. మొదటి రోజు అది గడప దగ్గర నిలబడి వెనక్కి తిరిగి అతన్ని చూసింది. మళ్లీ వీధిని చూసి ఇంకా గట్టిగా తోక ఊపింది, నీకు కనబడలేదేమో, ఇదిగో చూడు అన్నట్టు. అతను కళ్లు మూసుకున్నాడు. ఐదో రోజు హారన్ మోగితే అది నేరుగా పోయి గోనెపట్ట మీద చుట్టుకు పడుకుంది. గడప దగ్గర ఏమీ లేదు. వీధి, నీడ, ఒక గడ్డి పోచ. జయంతి పోయింది అక్టోబరులోనే, కానీ ఇల్లు ఖాళీ అయింది ఆ సాయంత్రం.

“ఏమప్పా, కార్జం వాసన వీధి మొదట్లోకే కొడ్తాంది. అంతా కుక్కకేనా, నువ్వూ ఇంత తింటివా?”

మారెక్క. తల వంచుకుని, నేల వెతుక్కుంటూ గడప దాటింది. వెనకే బయమ్మ.

“తింటి అత్తా.”

“యాడ తింటివి? దవడలు చూడు, ఎండిన సొరకాయ మాదిరి ఉండాయి.”

“నీకేమన్నా దొరికిందా పెద్దమ్మా?” అంది బయమ్మ, అడగాలి కాబట్టి అడిగినట్టు.

“దొరికింటే నీ పక్కన కూసుంటానా? కార్లో పోతాంటి, చెయ్యి ఊపుకుంటా.” మారెక్క కొంగు ముడి విప్పి, మిలమిలా మెరిసే తెల్ల రాయి ఒకటి గడప మీద పెట్టింది. చిన్నప్పుడు జయంతి, వజ్రం కాకున్నా మెరిసేది తేమ్మా అనేదట. తర్వాత జిప్పు వైపు తిరిగింది. “రాయే, టైమయింది. అమ్మి వస్తాది.”

అతను క్లిక్కరున్న చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. నీడ ఎదురింటి అరుగు ఎక్కింది. హారన్.

జిప్పు లేచింది. చెవులు నిక్కాయి. పడసాల మధ్యలో నిలబడి గడపను చూసింది, గోనెపట్టను చూసింది, మారెక్క వైపు కూడా చూసింది, ఈమె ఉన్నప్పుడు ఏది సరైనదో అని. ముందు కాలు ఒకటి గాలిలో ఉంది. పో, అని అతని లోపల ఎవరో అన్నారు. గడపకి పో. ఇంకొక్క రోజు. కుక్క కాలు దించింది, తిరిగింది, గోనెపట్ట మీద ఒక చుట్టు చుట్టి పడుకుంది. అతను చెయ్యి జేబులోంచి తీసి, ఇద్దరికీ కనబడేలా పట్టుకుని నొక్కాడు.

టిక్.

బయమ్మ మెటికలు అప్పటికే నేల మీద పడ్డాయి. “బయమ్మా, చెయ్యి తీయి. బల్లి ఇదీ” అన్నాడు. ఈసారి ఆమె చూసింది. అతను లేచి, మాటలతో కాకుండా, చేతలతోనే చెప్పాడు. జిప్పు గోడ పక్కనున్న తిరగలి వైపు తల తిప్పినప్పుడు టిక్, ముక్క. మళ్లీ తిప్పింది, టిక్, ముక్క. నాలుగోసారికి అది తిరగలి దగ్గరికే పోయి నిలబడి, ఆ రాతిని చూస్తూ తోక ఊపసాగింది, ఎవరో బంధువు వచ్చి కూర్చున్నట్టు.

“తిరగలి కాడ ఎవురుండారు బయమ్మా?”

“ఎవురుంటారు. రాయి.”

“ఆ పొద్దు గడప కాడా అంతే. నేను నొక్కితి. చెయ్యి ఆగలేదు, నొక్కితి.”

బయమ్మ ముఖం ఎర్రబడింది. “థూ, నీ చదువు మన్నుబడ! తొమ్మిది దినాలు కుక్కాట ఆడిస్తివే నన్ను!” అని లేచి, మళ్లీ కూలబడి, “అయితే మా గిరి?” అంది.

“నాకి తెల్దు బయమ్మా. ఉండాడో లేడో, నాకి తెల్దు. కుక్కకీ తెల్దు.”

“తెల్దా?”

“తెల్దు.”

“తెల్దు” అంది ఆమె. ఇంకోసారి అంది, నోట్లో బెల్లం ముక్క అటూ ఇటూ తిప్పుకున్నట్టు. తర్వాత కొంగు కింద ఈడుస్తూ వీధిలోకి పరుగెత్తింది. “ఏమే, గాజులు తియ్యాకు! తియ్యాకే! ఎవురికీ తెల్దంట!” అవతల గిన్నె ఒకటి కింద పడిన చప్పుడు, గాజులు గలగలమన్న చప్పుడు.

పడసాలలో మారెక్క మిగిలింది. గడప మీది తెల్ల రాయిని చూస్తోంది. అతను ఆమె ఎదుట కూర్చుని క్లిక్కరు నేల మీద పెట్టాడు.

“అయితే ఆ పొద్దు, కోపం లేదనింది?” అంది చివరికి.

“నేనే అత్తా.”

“మా అమ్మి కాదు.”

“కాదు. నా బొటనవేలు.”

ఆమె తల ఊపింది. పొర కమ్మిన కళ్లు అతని చేతి కోసం వెతికాయి. “అయితే నీకు కోపం లేదు” అంది. “అదన్నా నిజమేనా, అదీ కుక్కాటేనా?”

“నిజమే అత్తా. నీమీద కోపం యాడ పెట్టుకుందును?” అతను గడప మీది తెల్ల రాయి వైపు తిరిగాడు. “నాకే అడిగేదానికి ఎవురూ లేరు. వాన పడిన పొద్దు నేను పోకుండా ఉన్నింటే, తొమ్మిదికన్నా వచ్చింటే...” ఎనిమిది నెలల్లో ఆ మాట బయటికి రావడం ఇదే మొదలు. చెప్పేశాక అది ఎంత చిన్నగా ఉందో చూసి భయమేసింది. “తనకి నామీద కోపం ఉంటాది కదత్తా?”

ఆమె క్లిక్కరు తీసుకుంటుందని, తన కోసం నొక్కుతుందని అతని లోపల ఏదో ఎదురుచూసింది. మారెక్క దాన్ని ముట్టుకోలేదు. “నాకేం తెల్సప్పా. నేను మాత్రం ఎవురికీ బల్లిని కాను” అంది. అవతలింట్లో బయమ్మ ఎవరినో తిడుతూ ఏడుస్తూ నవ్వుతోంది. “ఆ పొద్దు నువ్వు పోయినాక మంచం ఈడికి లాగమనింది. ఈ పడసాలలోకే. మట్టి వాసన చూస్తానమ్మా అనింది. నీళ్లు పారేది చూసుకుంటా పండుకున్నింది, మజ్జాన్నం దాకా. జ్వరంలోనే ఎంత కుశాలుగా ఉన్నిందో నీకి తెల్దు. ‘మీ అల్లుడు ఈ పొద్దు సున్నా రాయడు లేమ్మా’ అని నవ్వింది.”

ఆ నవ్వు అతనికి గుర్తు లేనిది, అతను లేనప్పుడు ఈ గోడల మధ్య నవ్వినది. ఇంతకాలం ఇక్కడే ఉంది, ఒక ముసలిదాని దగ్గర, అడిగినవాడు లేక.

గోడ మీది జయంతి ఫొటో వెనక నుంచి బల్లి పలికింది.

క్లిక్కరు ఇద్దరి మధ్యా నేల మీద ఉంది. ఎవరి చెయ్యీ దాని మీద లేదు. మారెక్క మెటికలు, అతని మెటికలు, ఎవరూ చెప్పకుండానే ఒక్కసారే నేలను తాకాయి. ఎవరూ సత్తెం అనలేదు. మూలన జిప్పు తల ఎత్తింది. టిక్కుమన్నది ఎవరైతే దానికేం, మాట ఇచ్చినట్టే. మెల్లగా లేచి వచ్చి అతని ఎదుట కూర్చుని, రావాల్సిన ముక్క కోసం, నేల మీద ఇంకా విడివడని ఆ పిడికిలి వైపు చూసింది.